న్యూయార్క్‌లో ఆగిన డబ్బు, బెయిరాలో తడిసిన మందులు

హైదరాబాద్ బాలానగర్‌లో ఒక మధ్య తరహా మందుల కంపెనీలో ఎగుమతుల కాగితాలు, చెల్లింపులు చూడటం నా పని. ఆఫ్రికా ఫైళ్లన్నీ నా దగ్గరే ఉంటాయి. వాటిలో జింబాబ్వేకు సంబంధించిన ఒక ఫైలు కథ మొదటి నుంచి చివరి దాకా రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. ఒక దేశం మీద ఇంకో దేశం సొంతంగా పెట్టే ఏకపక్ష ఆంక్షలు కాగితం మీద ఒకలా, ఓడరేవులో ఇంకోలా ఉంటాయని నాకు తెలిసింది ఆ ఫైలుతోనే. ఇరుగు పొరుగు దేశాలు వాటిని ఎందుకంత గట్టిగా వ్యతిరేకిస్తాయో కూడా అప్పుడే అర్థమైంది.

ఆర్డర్

2018 అక్టోబర్‌లో జింబాబ్వే రాజధాని హరారే నుంచి ఆర్డర్ వచ్చింది. బీపీకి ఆమ్లోడిపిన్, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్రలు, ఇరవై అడుగుల కంటైనర్ నిండా. కొనేది ఒక ప్రైవేటు సంస్థ. దాన్ని నడిపే ఫార్మసిస్ట్‌తో మాకు అప్పటికే కొన్నేళ్ల పరిచయం. ఆమె ఎప్పుడూ ఒక్క రోజు కూడా బాకీ ఆపిన మనిషి కాదు. రెండు మందులకూ అక్కడి మందుల నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉంది. ఆమె పేరు గానీ, సంస్థ పేరు గానీ ఏ ఆంక్షల జాబితాలోనూ లేవు. అమెరికా జాబితా, యూరప్ జాబితా రెండూ నేనే కూర్చుని చూశాను.

ఆ నెలలో హరారే పరిస్థితి బాగాలేదు. ప్రభుత్వం బ్యాంకు ఖాతాలను రెండుగా విడదీసింది. నిజమైన డాలర్లు ఒకవైపు, దేశంలో మాత్రమే చెల్లే ఎలక్ట్రానిక్ డబ్బు ఇంకోవైపు. లెక్క ప్రకారం రెండూ సమానం, బజారులో మాత్రం కాదు. కొన్ని మందుల షాపులు మూతపడ్డాయి. కొన్ని డాలర్ నోట్లు తెస్తేనే మందు ఇస్తామన్నాయి. జీతమో పెన్షనో ఎలక్ట్రానిక్ డబ్బులో వచ్చే రిటైర్డ్ టీచర్ బీపీ మాత్రల కోసం డాలర్లు ఎక్కడి నుంచి తెస్తారు? ఆ ఆర్డర్ అంత అత్యవసరంగా రావడానికి కారణం ఇదే.

మేం పెట్టుకున్న షరతు మామూలుదే. 30 శాతం అడ్వాన్స్, మిగతా 70 శాతం బ్యాంకు ద్వారా, కాగితాల మీద. అంటే ఆమె డబ్బు కట్టి, అది మాకు చేరాకే ఆమె బ్యాంకు బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు మీద హక్కు చూపే ఓడ కాగితం, చేతికిస్తుంది. అది ఉంటేనే రేవులో కంటైనర్ వదులుతారు. అడ్వాన్స్ రావడానికే ఏడు వారాలు పట్టింది. ఈ ఏడు వారాలకు ఆంక్షలు కారణం కాదు, ఈ మాట ముందే చెప్పాలి. దేశంలో డాలర్లు లేవు, ఉన్న కొంచెం కేంద్ర బ్యాంకు వంతుల వారీగా పంచుతోంది. తర్వాత 2019 ఫిబ్రవరి 20న ఒకటికి ఒకటి అనే లెక్కను కేంద్ర బ్యాంకే వదిలేసి, డాలర్‌కు రెండున్నర దగ్గర కొత్త రేటు మొదలుపెట్టింది. మా ఇన్వాయిస్ మారలేదు గానీ, దాన్ని కట్టడానికి ఆమెకు అయ్యే స్థానిక డబ్బు రాత్రికి రాత్రి రెండున్నర రెట్లయింది.

సనత్‌నగర్ డిపోలో కస్టమ్స్ పూర్తయ్యాక కంటైనర్ ముంబై దగ్గరి నవా షెవా రేవు నుంచి జనవరిలో ఓడ ఎక్కింది. జింబాబ్వేకు సముద్రం లేదు. సరుకు మొజాంబిక్‌లోని బెయిరా రేవులో దిగి, లారీ మీద ముతారే దగ్గర సరిహద్దు దాటి హరారే చేరాలి. ఫిబ్రవరి చివర్లో కంటైనర్ బెయిరాలో దిగింది.

డబ్బు ఎక్కడ ఆగింది

మార్చి మొదటి వారంలో ఆమె బ్యాంకు మిగతా డబ్బు పంపింది. డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ సందేశం కాపీ మాకు వచ్చింది. రెండు మూడు రోజుల్లో ఖాతాలో పడాలి. వారం గడిచినా పడలేదు. మా బ్యాంకులో ఫారెక్స్ చూసే ఆఫీసర్‌కి ఫోన్ చేశాను.

"సార్, డబ్బు మన దాకా రాలేదండి. న్యూయార్క్‌లో మధ్య బ్యాంకు హోల్డ్‌లో పెట్టింది. ఎందుకో రాయలేదు" అన్నారు.

ఈ మధ్య బ్యాంకు సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు. హరారే నుంచి హైదరాబాద్‌కు డాలర్లు నేరుగా రావు. జింబాబ్వే బ్యాంకు తరఫు బ్యాంకుకు అమెరికాలో ఒక ఖాతా ఉంటుంది, మన బ్యాంకుకు ఒక ఖాతా ఉంటుంది. ఆ ఖాతాలో తీసి ఈ ఖాతాలో వేయడమే డాలర్ చెల్లింపు. అమ్మేవాడు తెలుగువాడు, కొనేది జింబాబ్వే మనిషి, సరుకు దిగింది మొజాంబిక్‌లో. అయినా ఆ ఒక్క క్షణం డబ్బు న్యూయార్క్ గుండా పోవాలి. అమెరికా చట్టం పట్టుకునేది ఆ క్షణంలోనే.

మార్చి 14 రాత్రి ఇడాయ్ తుఫాను బెయిరా మీద విరుచుకుపడింది. నగరంలో 90 శాతం దెబ్బతిన్నదని రెడ్‌క్రాస్ మొదటి అంచనా చెప్పింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, దారులు కొట్టుకుపోయాయి. రేవు కొన్నాళ్లు మూతపడింది. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖ ఎలా ఉందో చూసినవాళ్లకు ఆ ఫోటోలు చూడగానే కడుపులో దేవినట్టయింది. మా కంటైనర్ యార్డులోనే ఉంది. డబ్బు సమయానికి అంది ఉంటే, ఆ రాత్రికి అది హరారే గోడౌన్‌లో ఉండేది. తర్వాత తలుపు తీస్తే అడుగు వరుస అట్టపెట్టెలు నీళ్లకు ఉబ్బిపోయి ఉన్నాయి. వాటిలో ఒక్క మాత్ర కూడా ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదు.

ఈలోగా న్యూయార్క్ నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. కొనుగోలుదారు సంస్థలో వాటాదారులు ఎవరు? గోడౌన్ ఎవరిది? లారీలు ఎవరివి? మందులు ప్రభుత్వ ఆసుపత్రులకు పోతాయా? ఒక్కో ప్రశ్నకు జవాబు పంపితే వారం తర్వాత ఇంకో ప్రశ్న వచ్చేది. చివరికి తేలింది ఏమిటంటే, గోడౌన్ యజమాని ఇంటిపేరు మోయో. జాబితాలో ఆ పేరున్న రాజకీయ నాయకులు ఉన్నారు. షోనా, న్దెబెలె ప్రజల్లో మోయో అన్నది గోత్రం లాంటి పేరు, దేశంలో లెక్కలేనంత మందికి ఉంటుంది. మన దగ్గర రావు అని ఉన్నవాళ్లందరినీ ఒకే కుటుంబం అనుకుని ఆపేసినట్టు ఉంది వ్యవహారం. ఆ యజమాని గుర్తింపు కార్డు, పుట్టిన తేదీ కూడా పంపాం.

మధ్య బ్యాంకు గుమాస్తాను తిట్టడం తేలిక. కానీ ఏప్రిల్ 9న వచ్చిన వార్త చూశాక వాళ్ల భయం నాకు అర్థమైంది. స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు అమెరికా, బ్రిటన్ అధికారులతో కలిపి వందకోట్ల డాలర్లు దాటిన సెటిల్‌మెంట్ చేసుకుంది. అందులో దాదాపు 1.8 కోట్ల డాలర్లు కేవలం జింబాబ్వే ఆంక్షల విషయంలోనే. అంతకు మూడేళ్ల ముందు, 2016లో, బార్‌క్లేస్ దాదాపు 25 లక్షల డాలర్లు కట్టింది. అక్కడ సమస్య ఖాతాదారుల పేర్లు కాదు. జాబితాలో ఉన్న ఒక ప్రభుత్వ సంస్థకు ఆ ఖాతాదారు కంపెనీల్లో 50 శాతమో అంతకంటే ఎక్కువో వాటా ఉంది. అంటే జాబితాలో పేరు లేకపోతే సరిపోదు, వెనకాల ఎవరున్నారో తవ్వాలి. ఒక చిన్న దేశం నుంచి వచ్చే కమీషన్ ఎంత, తప్పు జరిగితే పడే జరిమానా ఎంత? ఏ బ్యాంకు మేనేజరైనా ఈ లెక్క వేసుకుని ఆ దేశం మొత్తానికే దండం పెట్టేస్తాడు. మా డబ్బును ఆ బ్యాంకు 41వ రోజున కారణం చెప్పకుండా, ఫీజు కోసుకుని, హరారేకు తిప్పి పంపేసింది.

అసలు ఈ ఆంక్షలు ఏమిటి

జింబాబ్వేతో వ్యాపారం చేయకూడదని అమెరికా ఎప్పుడూ చట్టం చేయలేదు. ఇది అమెరికా అధికారులు ఎప్పుడూ చెప్పే మాట, అది నిజమే కూడా. 2001 డిసెంబర్ 21న జార్జ్ బుష్ సంతకం చేసిన చట్టం ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థల్లో జింబాబ్వేకు అప్పు గానీ, అప్పు మాఫీ గానీ ఇవ్వడానికి వ్యతిరేకంగా ఓటేయమని అమెరికా ప్రతినిధులకు చెప్పింది. 2003 మార్చిలో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు కొందరు నాయకుల, సంస్థల ఆస్తులను స్తంభింపజేసింది. మా ఫైలు నడిచిన రోజుల్లో ఆ జాబితాలో దాదాపు 140 పేర్లు ఉన్నాయి. యూరప్ 2002 ఫిబ్రవరిలో తన ఆంక్షలు పెట్టింది, తర్వాతి ఏళ్లలో చాలావరకు సడలించింది.

వీటి వెనక ఉన్న కథ కూడా దాచకూడదు. 2000 నుంచి తెల్లవారి పెద్ద వ్యవసాయ క్షేత్రాలను ప్రభుత్వం వేగంగా, చాలాచోట్ల హింసతో స్వాధీనం చేసుకుంది. వలస పాలనలో లాక్కున్న భూమిని తిరిగి పంచాలన్న డిమాండ్ న్యాయమైనది. పంచిన తీరు, దాంతో పాటు ఎన్నికల్లో ప్రతిపక్షం మీద జరిగిన దాడులు న్యాయమైనవి కావు. ఐఎంఎఫ్‌కు కట్టాల్సిన బాకీలు 2001 ఫిబ్రవరిలోనే ఆగిపోయాయి, అంటే అమెరికా చట్టం కన్నా ముందే. కాంగో యుద్ధంలోకి సైన్యాన్ని పంపింది 1998లో. 2008 జూలైలో ద్రవ్యోల్బణం అధికారిక లెక్కలోనే 23 కోట్ల శాతం దాటింది. అది నోట్లు అచ్చేయడం వల్ల వచ్చింది, ఎవరో విధించిన ఆంక్షల వల్ల కాదు. ఆ ఏడాది మొదలైన కలరాలో 4,000 మందికి పైగా చనిపోయారు.

ఇదంతా ఒప్పుకున్నాక కూడా నా ప్రశ్న అలాగే ఉంటుంది. ఆ జాబితాలోని నాయకుల్లో ఎవరి బీపీ మాత్రా ఆగలేదు. వాళ్లకు జబ్బు చేస్తే విమానం ఎక్కి వేరే దేశంలో వైద్యం చేయించుకుంటారు. ఆగింది మా కంటైనర్. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెడితే ఎలుక కలుగులోంచి బయటికి పోతుంది, ఇంట్లోవాళ్లు మిగిలిపోతారు.

పొరుగు దేశాల మాట

దక్షిణాదిన ఉన్న 16 ఆఫ్రికా దేశాల కూటమి సాడెక్. 2019 ఆగస్టులో దార్ ఎస్ సలామ్‌లో జరిగిన శిఖరాగ్ర సభ అక్టోబర్ 25ను జింబాబ్వే మీది ఆంక్షలను వ్యతిరేకించే రోజుగా ప్రకటించింది. ఆ ఏడాది అధ్యక్ష స్థానంలో టాంజానియా నాయకుడు జాన్ మగుఫులి ఉన్నారు. ఇది అప్పటికప్పుడు పుట్టిన ఆలోచన కాదు. 2008 జూలై 11న భద్రతా మండలిలో జింబాబ్వే మీద ఆంక్షల తీర్మానం వస్తే రష్యా, చైనా వీటో చేశాయి. అప్పుడు మండలిలో సభ్యదేశంగా ఉన్న దక్షిణాఫ్రికా కూడా వ్యతిరేకంగానే ఓటేసింది. అందుకే ఈ ఆంక్షలకు ఐక్యరాజ్యసమితి ముద్ర ఎన్నడూ పడలేదు. 'ఏకపక్ష' అన్న మాటకు అర్థం ఇదే.

ఈ దేశాలు ఆంక్షలంటేనే పడని దేశాలు కావు. మా కంటైనర్ నిలిచిన బెయిరా చరిత్ర చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఇప్పటి జింబాబ్వే అప్పట్లో రొడీషియా. 1965 నవంబర్ 11న అక్కడి తెల్లవారి మైనారిటీ ప్రభుత్వం సొంతంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఐక్యరాజ్యసమితి చరిత్రలో మొదటిసారి తప్పనిసరి ఆంక్షలు పడింది దాని మీదే, 1966 డిసెంబర్‌లో. బెయిరాకు నూనె ఓడలు రాకుండా బ్రిటిష్ నౌకాదళం 1966 నుంచి 1975 దాకా సముద్రంలో కాపలా కాసింది. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే, 1976 మార్చిలో, మొజాంబిక్ రొడీషియాతో సరిహద్దు మూసేసింది. రవాణా మీద వచ్చే ఆదాయం పోతుందని తెలిసే మూసింది. అదే కాలంలో అమెరికా 1971 నుంచి 1977 దాకా రొడీషియా క్రోమ్ కొనుక్కోవడానికి తన చట్టంలో దారి చేసుకుంది. పేద పొరుగు దేశం నష్టపోయి మరీ పాటించిన ఆంక్షను పెద్ద దేశం తన అవసరానికి పక్కన పెట్టింది. ఆ ప్రాంతపు పెద్దలు ఈ విషయం మరిచిపోలేదు. 2019లో అమెరికా రాయబారి సమస్య ఆంక్షలు కాదు, అవినీతి అని రాసినప్పుడు, ఆ మాటలో నిజం ఉన్నా వాళ్ల చెవికి ఎక్కకపోవడానికి ఇది ఒక కారణం.

ఇక్కడ నాకొక ఇబ్బంది ఉంది. వర్ణవివక్ష కాలంలో దక్షిణాఫ్రికా మీద దేశాలు విడివిడిగా పెట్టిన ఆంక్షలూ ఏకపక్షమే. మన దేశం 1946లోనే ఆ దేశంతో వ్యాపారం ఆపేసింది, దానికి మనం గర్వపడతాం. 1986లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టాన్ని ఇదే ప్రాంతం స్వాగతించింది. మరి తేడా ఏమిటి? చాలా ఆలోచించాక నాకు తోచింది ఇది: అప్పుడు ఆంక్షలు పెట్టమని అడిగింది ఆ దెబ్బ తినబోయే ప్రజల ఉద్యమమే, పక్కనున్న దేశాలు కూడా తోడు నిలిచాయి. జింబాబ్వే విషయంలో పొరుగు దేశాలు వద్దన్నాయి. దేశం లోపల ప్రతిపక్షంలో కూడా ఏకాభిప్రాయం లేదు. 2008 సెప్టెంబర్‌లో దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకి మధ్యవర్తిత్వంతో కుదిరిన అధికార పంపిణీ ఒప్పందం ఆంక్షలు ఎత్తేయాలని కోరింది, దాని మీద ప్రతిపక్ష నాయకుడు మోర్గాన్ చాంగిరాయ్ సంతకం కూడా ఉంది. అయినా ఆంక్షలు పోలేదు.

సాడెక్‌ను నేను పూర్తిగా సమర్థించలేను. 2008 నవంబర్‌లో దాని సొంత ట్రిబ్యునల్ ఒక రైతు కుటుంబం కేసులో జింబాబ్వేకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. తీర్పు అమలు చేయించాల్సిన నాయకులు 2010లో ట్రిబ్యునల్ పనినే ఆపేశారు. బయటివాళ్లు శిక్షించకూడదు, మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం అన్నప్పుడు, ఇంట్లో ఒక పంచాయితీ అన్నా ఉండాలి కదా. దాన్ని వాళ్లే మూసేశారు. మళ్లీ 2023 ఆగస్టు ఎన్నికల్లో సాడెక్ పరిశీలకుల బృందం గట్టిగా నిలబడింది. జాంబియాకు చెందిన నెవర్స్ ముంబా నాయకత్వంలోని ఆ బృందం, ఎన్నికలు కొన్ని విషయాల్లో జింబాబ్వే రాజ్యాంగానికీ, సాడెక్ సూత్రాలకూ తగ్గట్టు లేవని రాసింది. హరారే ప్రభుత్వం మండిపడింది. ఆ నివేదిక చదివాక సాడెక్ ఆంక్షల గురించి చెప్పే మాటకు నా దృష్టిలో బరువు పెరిగింది.

డబ్బు ఎలా వచ్చింది

తిరిగొచ్చిన డబ్బు చూసి హరారే ఫార్మసిస్ట్ ఫోన్లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీరు నన్ను నమ్మారు. నేనూ కట్టాను. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, కానీ మందులు అక్కడే ఉన్నాయి" అన్నారు. కంటైనర్‌కు రోజు రోజుకూ రేవు అద్దె, కంటైనర్ అద్దె పెరుగుతున్నాయి.

ఒక ఏజెంట్ మాకు సులువైన దారి చెప్పాడు. ఇన్వాయిస్‌లో జింబాబ్వే పేరు తీసేసి మొజాంబిక్ కొనుగోలుదారు పేరు పెట్టండి, డాలర్లు రెండు రోజుల్లో వచ్చేస్తాయన్నాడు. మేం ఒప్పుకోలేదు. తప్పు చేయనివాళ్లం తప్పు చేసినవాళ్లలా దాక్కుంటే, తర్వాత నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. ఈ రంగంలో కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది ఈ ఒక్క మాటే: పేరు దాచకండి, దారి మార్చండి.

మార్చిన దారి జొహానెస్‌బర్గ్ గుండా. ఆమె బ్యాంకుకు అక్కడ రాండ్ల (దక్షిణాఫ్రికా కరెన్సీ) ఖాతా ఉంది. మా బ్యాంకూ రాండ్లు తీసుకోగలదు. రాండ్ చెల్లింపు న్యూయార్క్ ముఖం చూడాల్సిన పని లేదు. లాయర్‌తో రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకున్నాం. కొనుగోలుదారు అసలు పేరు, హరారే చిరునామా, మందుల రిజిస్ట్రేషన్ నంబర్లు, చివరకు గోడౌన్ యజమాని కాగితాలు కూడా జత చేసి, ఇన్వాయిస్‌ను రాండ్లలోకి మార్చాం. జొహానెస్‌బర్గ్ బ్యాంకు కూడా ప్రశ్నలు అడిగింది. కానీ అక్కడి ఆఫీసర్‌కు మోయో అంటే ఏమిటో తెలుసు. తొమ్మిది పనిదినాల్లో డబ్బు మా ఖాతాలో పడింది. మారకంలో కొంత పోయింది, ఆ నష్టం చెరి సగం పంచుకున్నాం.

సాడెక్ దేశాలు తమ మధ్య రాండ్లలో చెల్లింపులు జరుపుకునే వ్యవస్థను 2013లోనే మొదలుపెట్టాయి. తీర్మానాలకూ ఊరేగింపులకూ వచ్చినంత పేరు దానికి రాలేదు. నా లాంటివాడికి పని జరిగేది మాత్రం అలాంటి వాటి వల్లే.

కంటైనర్ మే నెల చివరలో హరారే చేరింది. ఆర్డర్ ఇచ్చి అప్పటికి ఏడు నెలలు. నేను లెక్క వేసి చూశాను. దేశంలో డాలర్ల కొరత వల్ల పోయింది ఏడు వారాలు. న్యూయార్క్ హోల్డ్, తిరిగి పంపడం, కొత్త దారి వెతుక్కోవడం అన్నీ కలిపి పదకొండు వారాలకు పైనే. ఆంక్షల వల్లే అంతా పాడైందనే హరారే ప్రభుత్వం మాటకు గానీ, ఆంక్షల వల్ల మామూలు జనానికి ఏమీ కాలేదనే మాటకు గానీ ఈ లెక్కలో చోటు లేదు.

ఆ అక్టోబర్ 25, శుక్రవారం, నేను హరారేలో ఉన్నాను. ప్రభుత్వం సెలవు ఇచ్చి నేషనల్ స్టేడియంలో సభ పెట్టింది. జూనియర్ డాక్టర్లు సెప్టెంబర్ మొదటి నుంచి సమ్మెలో ఉన్నారు. మా ఫార్మసిస్ట్ ఆ సభకు పోలేదు. "పొరుగువాళ్లు మా కోసం నిలబడటం నాకు కావాలి. కానీ ఆ స్టేడియంలో మైకు పట్టుకునేవాళ్లు నా తరఫున మాట్లాడటం నాకు వద్దు" అన్నారు. ఆ రోజు ఆమె షాపు తెరిచే ఉంచారు.

2021 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి అలెనా దౌహాన్ జింబాబ్వే వెళ్లి పరిశీలించారు. బ్యాంకులు చట్టం అడిగిన దానికన్నా ఎక్కువ జాగ్రత్త పడటం వల్ల మామూలు జనానికి జరిగే నష్టాన్ని ఆమె ప్రత్యేకంగా ఎత్తి చూపారు. మా ఫైలులో ఉన్నది సరిగ్గా అదే. 2024 మార్చి 4న జో బైడెన్ 2003 నాటి ఆంక్షల కార్యక్రమాన్ని రద్దు చేశారు. అధ్యక్షుడు ఎమర్సన్ మ్నంగాగ్వాతో సహా 11 మందిని, మూడు సంస్థలను వేరే మానవ హక్కుల ఉత్తర్వు కింద జాబితాలో పెట్టారు. 2001 చట్టం మాత్రం అప్పుడు కదలలేదు.

ఆ వారంలోనే హరారేకు ఇంకో ఇన్వాయిస్ తయారుచేశాను, డాలర్లలో. బ్యాంకుకు పంపితే ఫారం మీద జింబాబ్వేకు ఎప్పుడూ అడిగే అదనపు పేజీ అలాగే ఉంది. ఆఫీసర్‌ని అడిగాను. "పైనుంచి సర్క్యులర్ ఇంకా రాలేదు సార్, వచ్చేదాకా నింపాల్సిందే" అన్నారు. నింపాను. గోడౌన్ యజమాని పేరు దగ్గర మోయో అని రాసి, పక్కన పుట్టిన తేదీ వేసి, ఇన్వాయిస్ రెండో పేజీలో రాండ్ ధర కూడా చేర్చాను.